ఇరవై ఒకటా, ఇరవై ఎనిమిదా

మా తోడికోడలు నీలావతక్కకు నేనొక సలహా ఇచ్చాను. అది తప్పని హిందూపురంలో మందుల షాపు ముందు నిలబడి ఉండగా తెలిసింది.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నేను ఆ ఇంటి చిన్న కోడలిని. రోజూ రైల్లో పెనుకొండ పోయి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ కలిపి డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకని కరెంటు బిల్లు నుంచి కళ్లజోడు నంబరు దాకా అన్నీ నన్నే అడుగుతారు. తెలియదని చెప్పడం నాకింకా అలవాటు కాలేదు.

పిల్లలు ఇప్పుడే వద్దనుకుని, పుట్టిల్లు హిందూపురం కాబట్టి అక్కడి డాక్టరమ్మ దగ్గరే మాత్రలు రాయించుకున్నాను. ఆ షీటులో ఇరవై ఒక్క మాత్రలుంటాయి. అవి అయిపోయాక ఏడు రోజులు ఆపి, ఎనిమిదో రోజు కొత్త షీటు మొదలుపెట్టాలి. నీలావతక్కకు ఏఎన్ఎం ఇచ్చింది సర్కారు షీటు. ఏఎన్ఎం అంతా వివరించిందట గానీ, చంకలో పాప ఏడుస్తుంటే అక్కకు సగమే వినపడింది. మిగిలిన సగం నన్నడిగింది. "సుధా, షీటు అయిపోతే ఏం చేసేది?" నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూడనైనా చూడకుండా, "వారం ఆగక్కా, తర్వాత కొత్తది మొదలుపెట్టు" అని చెప్పేశాను.

ఆ ఆదివారం నా మాత్రల కోసం పోతే షాపు నరసప్ప వేరే షీటు తీసిచ్చాడు.

"నీ ఇరవై ఒకటిది రాలేదమ్మా. ఇందులోనూ మందు అదే. ఇరవై ఎనిమిది ఉండాయి. తెల్లవి ఇరవై ఒకటి, కడపట గోధుమరంగువి ఏడు. అయిపోతానే మరుసటి దినమే కొత్తది మొదలుపెట్టల్ల. గ్యాపు ఇయ్యగూడదు."

"వారం ఆపొద్దా?"

"ఆ వారం అందులోనే ఉండాది కదమ్మా! ఈ ఏడూ ఉత్త ఐరన్ మాత్రలు. దినామూ వేసుకునే అలవాటు తప్పకూడదని పెట్టిండారు. వీటిపైన ఇంగో వారం ఆపితే మందు లేకుండా ఎన్ని దినాలాయ?"

"పద్నాలుగు."

"లెక్కలు బాగా వస్తాయే! అట్ల ఆపినోళ్లు మళ్లా నా దగ్గరికే వస్తారులే, పాలడబ్బాకు."

నాకు నవ్వు రాలేదు. అక్క షీటు మొదలుపెట్టి ఆ రోజుకు ముప్పై ఒక్క రోజులు. నా మాట విని ఉంటే, ఏడు ఐరన్ మాత్రలు మింగి, ఇప్పుడు పైన ఇంకో వారం ఆపుతూ ఉంటుంది.

మర్నాడే అక్క పేరుమీద మొదటి వార్పు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగుల చుట్ట, రావాలి. ఇంతవరకూ ఆమె కుమారస్వామి బావ మగ్గానికి పక్కన సాయం కూర్చునేది. తనకు వేరే మగ్గానికి వార్పు ఇమ్మని ఏడాదిగా వెంటపడితే షావుకారు కుళ్లాయప్ప ఇప్పటికి సరేనన్నాడు. మొదటి కాన్పప్పటిలాగే చిన్నపాప కడుపులో ఉన్నప్పుడూ ఐదో నెలకే, నేసిన బట్ట చుట్టే దండె పొట్టకు తగులుతోందని అక్క మగ్గం దిగింది. మళ్లీ ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. మళ్లీ కడుపొచ్చి మూడోసారి దిగితే ఆ మగ్గం ఇంకొకరిది అవుతుంది.

ఫోన్ చేశాను. బావ ఎత్తాడు.

"అక్క ఉందా బావా?"

"మగ్గం గుంత తుడస్తాండాది. ఏమో నాతో చెప్పు, చెప్తా."

"అదీ... అక్కతోనే చెప్పాలి."

"నేనేమన్నా పరాయోడినా? చెప్పు సుధా."

"చీర... జాకెట్టు విషయం" అని ఫోన్ పెట్టేశాను. పెనుకొండ దాటేదాకా రైల్లో వేళ్లమీద రోజులు లెక్కపెట్టాను. ఎటునుంచి లెక్కపెట్టినా పద్నాలుగే.

ఇంటికి రాగానే అక్కను వంటింట్లోకి లాక్కుపోయాను.

"అక్కా, నేను తప్పు చెప్పినాను. నీ షీటుకు గ్యాపు లేదు. ఆ కడపటి ఏడు మాత్రలు..."

"గోధుమరంగువా? నేను యాడ వేసుకుంటి? అత్తకిస్తి కదా."

"ఏంది?"

"అవి రక్తం మాత్రలని ఏఎన్ఎం చెప్పింది. అదొకటి వినపడిందిలే. నేను బండ మాదిరి ఉండా, నాకెందుకవి? అత్తేమో మిద్దె మెట్లెక్కితే ఆయాసపడతాది. తొలిదినమే ఏడూ కత్తిరించి ఆమెకిస్తి. మనింట్లో రక్తం మాత్రలు ఎవరు తెచ్చినా ముందు ఆమెకే కదా. నా తెల్లవి అయిపోతానే నువ్వు చెప్పినట్ల వారం ఆగితి."

"తర్వాత?"

అక్క గూట్లోంచి కొత్త షీటు తీసి చూపించింది. మూడు మాత్రలు ఖాళీ. ఇరవై ఒకటి, ఏడు, మూడు. మొత్తం ముప్పై ఒకటి. ఒక్క రోజు కూడా తేడా లేదు. నేను బియ్యం డబ్బామీద కూలబడ్డాను.

వాకిలి దగ్గర దగ్గు వినపడింది. మా అత్త బాలనాగమ్మ. ఎప్పటినుంచి నిలబడిందో.

"ఏమే నీలా, నాకు పెట్టింది పిల్లలు పుట్టకుండా చేసే మాత్రలా?"

"కాదత్తా, అందులో ఉండే ఐరన్..." అని నేను మొదలుపెట్టాను.

"ఉండనీలే. అరవై రెండేండ్లకు ఇంగ నాకు పుట్టరు, మీ మామకూ దిగులు లేదు" అని అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్క పొయ్యి గట్టు పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి.

అప్పుడు షీటు చేతిలోకి తీసుకుని, ఈసారి వెనకవైపు ప్రతి అక్షరమూ చదివి చెప్పాను. ఈ షీటునుంచి ఇరవై ఎనిమిదీ అక్కే వేసుకోవాలి. ఆపడమూ లేదు, రోజులు లెక్కపెట్టడమూ లేదు. అత్తకు రేపే గవర్నమెంటు ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేయించి, ఆమె మాత్రలు ఆమెకు తెస్తాను.

"రేపు కాదు, ఎల్లుండి" అంది అక్క. "రేపు పొద్దున్నే నా వార్పు వస్తాది. పోగులు అతికేవాళ్లు ఇద్దరొస్తారు. వాళ్లకు అన్నం నువ్వే వండల్ల. స్కూలుకు లీవు పెట్టు."

"నేనా?"

"మరి? ఈ పొద్దు నా గుండె ఆపినందుకు. పప్పులో ఉప్పెంతో మాత్రం వచ్చి నన్నడుగు. చూడకుండా వెయ్యాకు."