నీళ్లడగలేదు

సీతాఫల్‌మండిలో జెనిఫర్ నడిపే ట్యూషన్ సెంటర్ రెండో అంతస్తులో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలుండరు కనక ఆ గది హిమజకి ఇచ్చేది. హిమజ కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీదికి ప్రొజెక్టర్ వేసి, పరాయి దేశాల సినిమాలు చూపించేది.

పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఆ మనిషికి ఈ పిచ్చి లాక్‌డౌన్‌లో పట్టుకుంది. తల్లికి ఇంగ్లీషు రాదు. తెర కింద పడే మాటల్ని హిమజ పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ పోయేది. పక్కింటివాళ్లు వచ్చి చేరారు. వాళ్ల చుట్టాలు వచ్చారు. చివరికి మైకు పట్టుకుని ముప్పై మందికి చెప్పాల్సి వచ్చింది. ఏ దేశపు మనిషైనా ఆమె గొంతులో సికింద్రాబాద్ మాటే మాట్లాడేవాడు. శనివారం పొద్దున వాట్సాప్ గ్రూపులో ఆ వారం సినిమా గురించి నాలుగు ముక్కలు రాసేది. ఆమె మంచిదంటే జనం నమ్మి వచ్చేవాళ్లు.

ఆ శనివారం ఒక బల్గేరియా సినిమా గురించి రాసింది. కత్తులు సానపట్టుకు బతికేవాడొకడు బొగ్గుగనుల ఊరికి వస్తాడు. అదే రోజు ఒక పిల్ల కనబడకుండా పోతుంది. ఊరంతా కలిసి వాణ్ణి కొట్టి చంపుతారు. హిమజ దాన్ని మూడుసార్లు చూసి మూడుసార్లూ ఏడ్చింది. 'గుండె గట్టిగున్నోళ్లే రండి' అని రాసి, ఆ మాటకి తనే కాస్త మురిసిపోయింది కూడా.

రెండో వరసలో ఎప్పట్లాగే పర్వతాలు కూర్చున్నాడు. స్టేషన్లో కూలీ. యాభై ఐదేళ్లు. పార్సిళ్లు ఇస్తూ తిరిగే కొడుకు రాఘవేందర్ నాలుగేళ్ల కింద యాక్సిడెంట్‌లో పోయాడని అందరికీ చెప్పుకున్నాడు, హిమజ కూడా అంతే అనుకుంది. చివరి వరసలో సుబ్బరాజు. యాప్రాల్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు అతనిది. గ్రూపులో హిమజ రాతలు చదివి నెల రోజులుగా బండి మీద వస్తున్నాడు. నెమ్మదస్తుడు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నమస్కారం పెట్టేవాడు.

సినిమా ముప్పావుగంట దాటింది. ఊరివాళ్లు సానవాణ్ణి బావి దగ్గర దొరకబట్టారు. మొదటి దెబ్బ పారతో పడింది. 'పట్టుండ్రి, ఇడువకుండ్రి' అని హిమజ మైకులో చెప్తోంది. 'పిల్లనేం చేసినవ్‌రా?' అంటోంది. ఒకడు వాడి వేళ్ల మీద బూటు పెట్టి నలిపాడు. ఇంకొకడు జుట్టు పట్టి తలని బావిగట్టుకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. గదిలో ఎవరూ కదల్లేదు. తెర మీద వాడు నెత్తురు కక్కుతూ ఏదో అన్నాడు. కింద పడిన మాట చూసి హిమజ గొంతు తగ్గించి, 'నీళ్లు... జెరన్ని నీళ్లు' అంది.

"వాడు నీళ్లడగలేదు," అన్నాడు సుబ్బరాజు. "అమ్మా అన్నాడు."

పైకి అంటున్నానని అతనికే తెలిసినట్టు లేదు. కానీ గది అంత నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినబడింది. హిమజ లాప్‌టాప్ మీద వేలు పెట్టి సినిమా ఆపేసింది.

పర్వతాలు వెనక్కి తిరిగాడు. ఎవడు అమ్మా అన్నడని అడిగాడు. సుబ్బరాజు ఏం లేదండీ అంటూ లేచి తలుపు వైపు కదిలాడు. పర్వతాలు కుర్చీల మధ్య నుంచి అడ్డంగా వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు.

"ఏడ? ఏ ఊర్ల?"

సుబ్బరాజు విడిపించుకోలేదు. అబద్ధం చెప్పే ఓపిక అప్పటికే అయిపోయినవాడిలా ఉన్నాడు. బన్సీలాల్‌పేట్‌లో అన్నాడు. నాలుగేళ్లయిందన్నాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు తిరిగిన రోజులు. పార్సిళ్లు ఇచ్చే కుర్రాడొకడు సందులో ఒక పాపని అడ్రస్ అడిగాడు. ఎవరో అరిచారు. అందరూ చేరారు. తనూ అక్కడే అద్దెకుండేవాడు, తనూ కొట్టడానికి దిగాడు.

పర్వతాలు మడతకుర్చీ లేపి కొట్టాడు. ఇనుప అంచు తగిలి సుబ్బరాజు కనుబొమ్మ తెగి, చర్మం వేలాడింది. రెండో దెబ్బ భుజం మీద, మూడోది నోటి మీద. సుబ్బరాజు చేతులు అడ్డం పెట్టుకోలేదు. జనం ఒకర్నొకరు తోసుకుంటూ మెట్ల మీదికి పరిగెత్తారు. జెనిఫర్ భర్త యెషయా వెనకనుంచి నడుం పట్టుకుంటే పర్వతాలు మోచేత్తో ఒక్కటిచ్చాడు. యెషయా ముక్కు పగిలి గోడకి జారగిలబడ్డాడు. సుబ్బరాజు కిందపడ్డాడు. పర్వతాలు కుర్చీని తల మీదికి ఎత్తాడు. ఆ దెబ్బ పడితే మనిషి పోతాడని హిమజకి తెలిసింది. మధ్యలోకి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టింది.

మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఆమెకే ముందు వినబడింది. "అమ్మా" అని అరిచింది.

పర్వతాలు అక్కడే ఆగిపోయాడు. కుర్చీ చేతిలోంచి జారింది. నేల మీద కూలబడి, రెండు చేతులూ చెవులకి నొక్కుకుని, పెద్దగా ఏడవడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో సుబ్బరాజుకి పదకొండు కుట్లు పడ్డాయి, రెండు పళ్లు పోయాయి. మెట్ల మీదనుంచి పడ్డానని రాయించాడు. హిమజ కూడా అదే చెప్పింది. చేతికి కట్టుతో ఇంట్లో పడుకుంటే ఆమెకి ఒకటే తొలిచేది. ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో తనకి తెలుసని ఇన్నాళ్లూ గర్వపడింది. ఎదురుగా కూర్చున్న మనిషి కొడుకు ఎలా పోయాడో ఒక్కసారి సరిగ్గా అడగలేదు.

మూడో రోజు పర్వతాలు భార్య దేవమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. కొడుకుని కొట్టి చంపిన కేసు సాక్షులు లేరని మూసేశారని, తన పెనిమిటి సిగ్గుకి యాక్సిడెంటని చెప్పుకు తిరిగాడని చెప్పింది. పిల్లల్నెత్తుకుపోయేవాడి తండ్రని అంటారని భయం అతనికి. ఆదివారం జరిగిందంతా చెప్పాడు కానీ ఒక్కటి దాస్తున్నాడంది.

"పోయేటప్పుడు నా కొడుకు ఏమన్నడంట బిడ్డా? ఆయన చెప్తలేడు."

దేశదేశాల మనుషుల మాటలు చెప్పిన హిమజ లేచి దేవమ్మకి ఎదురుగా నిలబడింది. "నిన్నే పిలిచిండంట చిన్నమ్మా," అంది.

దేవమ్మ తల ఊపింది. యాప్రాల్ ఎట్లా పోవాలని అడిగింది.

హిమజ వెంట వెళ్లింది. సుబ్బరాజు ఇంట్లోనే ఉన్నాడు. అతని భార్య యోగిత మంచినీళ్లు తెచ్చి, విషయం విని, గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెకి అప్పటిదాకా ఏమీ తెలియదు. దేవమ్మ అతన్ని మొదట్నుంచీ చెప్పమంది. చెప్పాడు. ఎవరు కర్ర తెచ్చారు, ఎవరు రాయి ఎత్తారు, అన్నీ చెప్పాడు.

"నువ్వేడ కొట్టినవ్?"

"కడుపులో. రెండుసార్లు తన్నానండి."

దేవమ్మ లేచి అతని చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. కుట్లు తెగి నెత్తురు కంట్లోకి కారింది. యోగిత కదల్లేదు.

"రేపు పదింటికి ఠాణాకు రా," అంది దేవమ్మ. "గివే మాటలు ఆడ చెప్పు. రాకుంటె నేనే మళ్లొస్త."

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి సుబ్బరాజు ఠాణా బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తన పేరుతో మొదలుపెట్టి నాలుగు పేర్లు రాయించాడు. ఒకడు దొరకలేదు. దొరికిన ముగ్గురిలో ఇద్దరు రెండు నెలలకే బెయిలు మీద వచ్చారు. సుబ్బరాజు బెయిలు అడగలేదు. యోగిత పిల్లల్ని తీసుకుని పుట్టింటికి భీమవరం వెళ్లిపోయింది.

జెనిఫర్ మూడు నెలలు గది ఇవ్వలేదు. ఇచ్చాక హిమజ మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు శనివారం రాసేటప్పుడు సినిమాలో ఎవరు చస్తారో, ఎలా చస్తారో ముందే రాస్తుంది. కథంతా చెప్పేస్తున్నావని కొందరు గొణుగుతారు.

కోర్టులో మొదటి వాయిదా నాడు ఆమె దేవమ్మ పక్కన కూర్చుంది. కానిస్టేబుల్ సుబ్బరాజుని వరండాలోంచి తీసుకొస్తుంటే, దారిలో నిలబడ్డ పర్వతాలు ఒక అడుగు పక్కకి జరిగి, గోడ వైపు తిరిగాడు. దేవమ్మ మాత్రం సుబ్బరాజుని లోపలికి వెళ్లేదాకా చూస్తూనే ఉంది.