తాంబూలంలో ఆరు లక్షలు

సోమవారం సాయంత్రం నాలుగు గంటలు. అప్పటిలోగా ఆరు లక్షలు కడితే ఇల్లు నిలుస్తుంది. కట్టకపోతే మర్నాడు వేలం. గడువు చెప్పిన బ్యాంకు మేనేజరు ఇంకొక మాట కూడా అన్నాడు.

"పదిహేను నెలల కిందట మీరే వచ్చి అడిగుంటే నాలుగున్నరతో పోయేది మాస్టారూ."

వయొలిన్ మాస్టారు వేంకటాచలం శుక్రవారం నుంచి ఆ మాట మింగలేక, కక్కలేక తిరుగుతున్నాడు.

విజయనగరం కోట వెనక వీధిలో ఆ ఇల్లు. మూడు తరాలుగా ఆ ముందుగదిలో పిల్లలు సరళీస్వరాలు వాయిస్తూనే ఉన్నారు. భార్య శ్యామలాంబ గుండె ఆపరేషనుకి ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆవిడ బతికింది. అప్పూ బతికింది. పాఠాలకి వచ్చే పిల్లలు తగ్గారు, వాయిదాలు తప్పాయి, బ్యాంకు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అప్పుడు ఎవరో చెప్పారు, అప్పులు తగ్గించి తీర్చిపెట్టే కంపెనీలు వచ్చాయని.

ముందు కోర్టు దగ్గర లాయరు విశాలి గదికి వెళ్ళాడు. ఆ పిల్ల కాగితాలన్నీ అడిగింది, గంటసేపు చదివింది, మొహమాటం లేకుండా చెప్పింది. ఇల్లు తాకట్టున్న అప్పుకి ఏ కంపెనీ ఏమీ చెయ్యలేదని, మేనేజరు కాళ్ళూ గడ్డమూ మాస్టారే స్వయంగా పట్టుకోవాలని, ముందే ఫీజు పుచ్చుకుని వాయిదాలు మానెయ్యమనేవాడి గడప తొక్కొద్దని. ఐదువందలు తీసుకుని రసీదు రాసి చేతిలో పెట్టింది. ఆ రసీదే వేంకటాచలానికి ముల్లులా గుచ్చుకుంది. కిరాణా కొట్టుకి వచ్చినవాడిలా చూసిందని ఇంటికొచ్చి భార్యతో నొచ్చుకున్నాడు.

తర్వాత వెళ్ళింది కామేష్ దగ్గరికి. పదో ఏట ఆ ఇంట్లోనే విల్లు పట్టిన శిష్యుడు. ఇప్పుడు గాజు తలుపుల ఆఫీసు, బయట 'నిశ్చింత' అని బోర్డు. గురువుని చూడగానే కుర్చీలోంచి లేచి, గుమాస్తాలందరి ముందూ సాష్టాంగపడ్డాడు. బ్యాంకు ఫోన్లు ఎత్తొద్దన్నాడు. వాయిదా డబ్బులు నెలనెలా తనకిస్తే పోగుచేసి, ఒక్కసారే బేరమాడి సగానికి తెగ్గొడతానన్నాడు. వేంకటాచలం నెలకి పద్ధెనిమిది వేలు కవరులో పెట్టి ఇచ్చాడు, పదిహేను నెలలు. రసీదు అడగలేదు. శిష్యులు తాంబూలంలో పెట్టిన దక్షిణ ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఎంతుందో చూడకుండా దేవుడి దగ్గర పెట్టడమే అలవాటు. శిష్యుణ్ణి రసీదు అడగడమంటే తన పాఠాన్ని తనే అనుమానించుకోవడం.

పదహారో నెల మొదటి వారం వెళ్తే గాజు తలుపులకి తాళం. బోర్డు లేదు.

ఆ సాయంత్రమే అసిరమ్మ వచ్చింది. వీధి చివర టిఫిన్ బండి పెట్టుకునే మనిషి. గుమ్మం దాటి లోపలికి రాలేదు. తిట్టలేదు కూడా. కామేష్ ఆఫీసు గోడకి వేంకటాచలం ఫొటో ఉండేదని, వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి 'మా గురువుగారే మా దగ్గర కడుతున్నారు' అని చెప్పేవాడని అప్పుడే తెలిసింది. అలా కట్టినవాళ్ళు నలభై ముగ్గురు.

"మీ పొటో సూసే కట్టినాం బాబూ," అంది అసిరమ్మ. "పాటం సెప్పే పంతులుగోరు కట్టినకాడ మోసం ఉంతాదేటి అనుకున్నాం. ఆటో పైనాన్సోలు అట్టుకుపోనారు. ఆ రోజుకాడినుంచి మా కొడుకు సోములు మంచం దిగనేదు. మాటా నేదు."

వేంకటాచలం నలభై ముగ్గురినీ వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళాడు. కంపెనీ ఎవరో బీహారు మనిషి పేరు మీద ఉందని తేలింది. వాళ్ళ దగ్గరున్న రసీదు చీటీల మీద రబ్బరు ముద్ర తప్ప సంతకం లేదు. తాను అక్కడ జీతగాణ్ణి మాత్రమేనని కామేష్ ఫోనులోనే చెప్పేశాడు. విశాలిని పిలిస్తే వచ్చింది, పాత మాటేమీ ఎత్తలేదు.

"డబ్బు తన చేతిలో ఉందని అతని చేతిరాతతో ఒక్క కాగితం కావాలి మాస్టారూ. అది లేకపోతే ఈ కేసు గాల్లో దీపం."

సోమవారం ఉదయం పదకొండు గంటలకి కామేష్ తనంతట తనే వచ్చాడు. తెల్ల కారు, పట్టు కండువా, చేతిలో పళ్ళెం. తమలపాకులు, అరటిపళ్ళు, వాటి కింద పసుపు గుడ్డలో చుట్టిన కట్టలు. గురువు కాళ్ళ దగ్గర పెట్టి చాప మీద కూర్చున్నాడు.

"ఆరు లక్షలు గురువుగారూ. మీ ఇల్లు పోనిస్తానా?"

ఊరికే ఇవ్వలేదు. ఈ డబ్బు బ్యాంకులో కట్టి, అప్పు తీరిందన్న కాగితం తీసుకోవాలి. ఐదు గంటలకి రామతీర్థం సత్రంలో నలభై ముగ్గురినీ కూర్చోబెడతాడు. వేంకటాచలం ఆ కాగితం వాళ్ళకి చూపించి, ఆలస్యమైనా నా పని జరిగింది, మీరూ ఇంకో ఆరు నెలలు కట్టండి అని నాలుగు మాటలు చెప్పాలి. అంతే.

"వాళ్ళకి నా మాట అక్కర్లేదు. మీ మాటే వేదం," అన్నాడు కామేష్ నవ్వుతూ.

మంచినీళ్ళ వంకతో వేంకటాచలం వంటింట్లోకి వెళ్ళాడు. శ్యామలాంబ అన్నీ వింది. గోడకి ఆనుకుని, ఊపిరి కూడదీసుకుంటోంది.

"తీసుకోండి," అంది. "ఇంకో ఇంటి మెట్లు నేను ఎక్కలేను. మనకోసం ఎవరు నిలబడ్డారు గనక?"

ఆవిడ ఇన్నేళ్ళలో ఏదీ నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. వేంకటాచలం బిందెలో చెంబు ముంచాడు. వంటింటి కిటికీలోంచి వీధి చివర టిఫిన్ బండి కనిపిస్తోంది. అసిరమ్మ అట్లకాడతో పెనం గీకుతోంది. పక్కన, సోములు ఆటో నిలిపే చోట, నూనె మరక మిగిలింది.

వేంకటాచలం చెంబు కింద పెట్టి ముందుగదిలోకి వచ్చాడు. గూట్లోంచి పాఠాల నోటుబుక్కు తీసి శిష్యుడి ముందుంచి, కలం అందించాడు.

"రాసుకో."

ముప్పై ఏళ్ళుగా ఆ గదిలో కొత్త కీర్తన మొదలుపెట్టే ముందు ఆయన అనే మాట అదొక్కటే. కామేష్ చెయ్యి దానంతటదే కలం అందుకుంది. ఎందుకు గురువుగారూ అని మాత్రం అడిగాడు.

"అసిరమ్మ ఒట్టి మాట నమ్మదురా. నీ రాత చూపిస్తేనే నమ్ముతుంది. రాసుకో. 'నిశ్చింత సభ్యులు నలభై ముగ్గురు నా చేతికిచ్చిన డబ్బు నా దగ్గరే భద్రంగా ఉంది. అందులోంచి ఈరోజు ఆరు లక్షలు మా గురువుగారికి ఇచ్చాను.' కింద తారీఖు, పూర్తి పేరు."

కామేష్ కలం రెండో వాక్యం దగ్గర ఆగింది. వేంకటాచలం తొడ మీద తాళం వేస్తున్నట్టు వేలు కదిపాడు, పిల్లలు పాఠంలో వెనకబడితే వేసినట్టే. కామేష్ తల వంచి మిగతాది రాశాడు. సంతకం పెట్టి, మళ్ళీ కాళ్ళకి మొక్కి, సత్రంలో కుర్చీలు వేయించాలంటూ వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరగగానే వేంకటాచలం విశాలికి ఫోను చేశాడు.

"రాత దొరికింది. డబ్బూ ఉంది. అది బ్యాంకులో కట్టెయ్యనా తల్లీ?"

విశాలి ఆ రెండు వాక్యాలూ ఫోనులోనే చదివించుకుంది.

"అది వాళ్ళందరి డబ్బని ఆ కాగితమే చెబుతోంది మాస్టారూ. కడితే మీరూ అతని పక్కనే నిలబడతారు."

"అదే అనుకున్నాను," అన్నాడు.

పళ్ళెంలోని మూట అలాగే చంకన పెట్టుకుని, కాగితం చొక్కా జేబులో పెట్టుకుని స్టేషనుకి బయల్దేరాడు. శ్యామలాంబ తలుపు దాకా వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేకపోయాడు.

రామతీర్థంలో కుర్చీలు వేయిస్తున్న కామేష్‌ని మూడున్నరకి పోలీసులు స్టేషనుకి తెచ్చారు. కబురు అందిన అసిరమ్మా, మిగతావాళ్ళూ వరండా నిండా నిలబడ్డారు. ఎస్సై కాగితం రెండుసార్లు చదివి, పనికొస్తుందన్నాడు. డబ్బు కోర్టుకి పోతుందని, అందరికీ ఎప్పుడు తిరిగి వస్తుందో తాను చెప్పలేనని కూడా అన్నాడు. స్టేషను రైటరు పసుపు గుడ్డ విప్పి కట్టలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఐదు లక్షల ఎనభై వేలే సార్."

ఎస్సై కాగితం వైపు చూశాడు. ఆరు లక్షలని ఉంది. తలెత్తి వేంకటాచలం వైపు చూశాడు.

"నేను ఆరూ ఇచ్చాను," అన్నాడు బల్ల అవతల నుంచి కామేష్, ఎంతో మర్యాదగా. "గురువుగారినే అడగండి."

వేంకటాచలం బల్ల మీది పసుపు గుడ్డని దులిపి చూశాడు. పొద్దున్నుంచి మూట చంకలోనే ఉంది. విప్పలేదు, చూడలేదు. బ్యాంకుకే వెళ్ళి ఉంటే కౌంటరు దగ్గర నిలబడి ఈ మాటే వినేవాడు. వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. ఇరవై వేలట, పంతులుగారి దగ్గరే ఉండిపోయాయేమో అని ఎవరో అన్నారు. ఆ మాట ఒకరినుంచి ఒకరికి పాకడం ఆయనకి వినిపిస్తూనే ఉంది.

అసిరమ్మ జనాన్ని తోసుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. వేంకటాచలం వైపు చూడలేదు. ఎస్సైతోనే చెప్పింది.

"ఆ బాబు లెక్కెట్టడయ్యా. ఎప్పుడూ లెక్కెట్టనేదు. లెక్కెట్టుంటే మాకీ కరమ పట్టునా?"

ఎస్సై ఆ మాట రాసుకోమన్నాడు. రైటరు రాసుకున్నాడు. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.