ఎడమ మూల జీవి

మా ఆవిడ పేరును నలుగురిలో నవ్వులపాలు చేసింది మా బావమరిది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆవిడ పోయాక నేను పాత మైక్రోస్కోపుల్లో పడ్డాను. ఊరి బడిలో చదివినవాణ్ణి. మాకు సైన్సంటే గోడకు వేలాడే పటం, అంతే. ఏదో కాలేజీ ల్యాబు ఎత్తేస్తూ తూకానికి వేసిన సామానులో ఒక ఇత్తడి మైక్రోస్కోపు దొరికింది. గ్రీజు ఎండి మరలు బిగుసుకుపోయాయి. కిరసనాయిలులో నానబెట్టి ముక్క ముక్కా విప్పాను. లెన్సులు పాత బనియను గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించాను. కన్ను పెట్టే చోట ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగి, దానిమీద కెమెరా నిలబెట్టాను. వీధిలో లారీ పోతే బల్ల అదిరి బొమ్మ చెదిరేది. బల్ల కాళ్ళ కింద సైకిల్ ట్యూబు ముక్కలు మడిచి పెట్టాక కుదురుకుంది.

పెరటి తొట్టి నీళ్ళు చుక్క చుక్కగా పెట్టి ఫొటోలు తీశాను. పురుగులన్నీ పరిగెత్తేవే. ఒక్కటి మాత్రం, సన్నగా వంకీ తిరిగి, ప్రతి ఫొటోలోనూ ఎడమ మూల కదలకుండా ఉండేది. ఏ చుక్క పెట్టినా ఉంది. తొట్టిలో దండిగా ఉందనుకున్నాను. పుస్తకాలు తిరగేస్తే ఎక్కడా దాని బొమ్మ లేదు. మా ఆవిడా అంతే. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరికీ అడ్డం రాకుండా ఒక మూల కూర్చునేది. ఆ జీవికి ఆమె పేరు పెట్టాను.

గ్రంథాలయం హాల్లో మాలాంటి పనిలేని సరదాగాళ్ళ ప్రదర్శన పెట్టారు. ఫొటో పెద్దది చేయించి, కింద అట్టమీద ఆమె పేరు నా చేత్తోనే రాశాను. పక్కన మైక్రోస్కోపు కూడా పెట్టాను, చూడదలచినవాళ్ళు చూస్తారని. మా అమ్మాయి ఆ అట్ట దగ్గరే నిలబడి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అది వాళ్ళమ్మ పేరని చెప్పుకుంది. తల్లి పోయాక దాని మొహంలో కళ చూడటం అదే మొదలు.

బావమరిది వచ్చాడు. మా ఆవిడకు తమ్ముడు, కళ్ళద్దాల దుకాణం వాడిది. వంగి చూశాడు. చూస్తూనే కంటి దగ్గరి లెన్సును వేళ్ళతో మెల్లగా తిప్పాడు. తర్వాత నన్ను చూడమని, మళ్ళీ తిప్పాడు. లెన్సుతోపాటు నా జీవి కూడా తిరిగింది. నీళ్ళలో పురుగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే అది నీళ్ళలో లేదు, లెన్సులో ఉంది.

వాడు లెన్సు ఊడదీసి, గోటితో దాన్ని పైకి తీశాడు.

"బావా, ఇది నీ బనియను పోగు," అన్నాడు హాలంతా వినేట్టు. "బతికున్నన్నాళ్ళూ మా అక్క నీ బనియన్లు ఉతికింది. పోయాక కూడా వదలవా?"

జనం నవ్వారు. గ్రంథాలయం పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు.

మా అమ్మాయి నవ్వలేదు. నావైపు చూసింది. నేను ఏదో ఒకటి అని వాళ్ళ నోరు మూయిస్తానని చూసింది.

నేను నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. "నిజమేరా, మీ అక్కకి అంతకుమించి పనేముంది," అన్నాను.

అమ్మాయి ఆ అట్ట ఊడదీసి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. చింపలేదు, మడవలేదు.

బావమరిది ఫోను చేసి, నోరు జారానని, క్షమించమని అన్నాడు. కుదరదన్నాను. వాడు ఆ మాట అనకపోతే నాకా నవ్వు వచ్చేది కాదు.

తర్వాత అమ్మాయి వచ్చింది. బల్ల ముందు నిలబడి ఒక్కటే అడిగింది.

"ఎందుకు నవ్వావు నాన్నా?"

నేను లెన్సు తుడుస్తూ తల ఎత్తలేదు. అమ్మాయి వెళ్ళిపోయింది. మళ్ళీ అడిగితే లేచి బయటికి పోతాను. దాని దగ్గరైనా, ఇంకెవరి దగ్గరైనా, ఆ నవ్వు మాట ఇక నా నోట రాదు.