జమ్ములో తెల్లటిది

ఆ ఉదయం జాలీ పక్కన పడి ఉన్న పక్షిపిల్లకు తల లేదు. మెడ జాలీ కంతలోంచి బయటికి సాగి ఉంది. అంటే లోపలికి ఏదీ రాలేదు. బయట కాచుకున్న చెయ్యి ఒకటి కంతలో దూరి, నిద్రపోతున్న పిల్లను పట్టుకుని తన వైపు లాక్కుంది.

నేను కేక వేయలేదు. వేయకూడదు. మా బెగ్గురు పక్షుల ఆవరణలో మనిషి గొంతు వినపడకూడదు. గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచి ఆ పిల్లలు చూసేది తెల్ల అంగీ, తెల్ల ముసుగు వేసుకున్న ఒక ఆకారాన్ని, దాని చేతికి తొడిగిన బెగ్గురు తలబొమ్మను. అదే వాటి తల్లి. ఆ బొమ్మ ముక్కుతోనే మేత చూపిస్తాం. ఛాతీకి కట్టుకున్న చిన్న పెట్టెలోంచి తల్లి గురగుర వినిపిస్తాం. ఆకులు రాలే కాలానికి వాటిని విస్కాన్సిన్ చిత్తడి బాడవల్లోకి వదిలేస్తాం. ఈలోగా మనిషికి మాలిమి అయిన పిల్లను మాత్రం వదలం. అది బతికినన్నాళ్ళూ జాలీ వెనకే.

కాలికి ఎర్రపట్టీ ఉన్న పిల్లను చూస్తే నాకు మొదటి నుంచీ అదే భయం. మిగతావి బొమ్మను చూసేవి. అది తల ఎత్తి, ముసుగులో నా కళ్ళ ముందున్న పలచటి గుడ్డను చూసేది. ఆ చూపు నాకు ఇష్టంగా ఉండేది. భయపడ్డది అందుకే.

షెడ్డులో మాట్లాడుకోవచ్చు. లైల్ చీజ్ ముక్కలు నములుతూ బురదలో అచ్చులు చూసి వచ్చిన సంగతి నాకు చెప్పాడు. బోనులు పెట్టేది అతనే.

"రకూనే, రాత్రుళ్ళు తిరిగే ఆ దొంగజంతువే. అనుమానం లేదు. చంటిపిల్ల అరచేతులు అద్దినట్టున్నాయి. సిగ్నె, అది మా బామ్మర్ది కన్నా పనిమంతురాలు. గడియ తీస్తుంది, మూత విప్పుతుంది. వాడు బీరు మూత ఒక్కటే విప్పుతాడు."

"బోను పిల్లలకు దూరంగా పెట్టు," అంది డాక్టర్ హౌగెన్. ఈ ఆవరణంతా ఆమె కింద నడుస్తుంది.

"దూరంగా పెడితే అది వెతుక్కుంటూ వస్తుందా డాక్టరమ్మా? బాడవకు పోయే దారి పక్కన, జమ్ముగడ్డిలో పెడతా. రోజూ అటే వస్తోంది." జేబులోంచి తెల్లటి మార్ష్‌మాలోలు తీసి చూపించాడు. "చేప పెడితే ఊళ్ళో పిల్లులన్నీ నాకు మొక్కుకుంటాయి. ఈ తీపి మిఠాయి పెడితే అదొక్కటే వస్తుంది." ఒకటి తన నోట్లో వేసుకున్నాడు. "నేనూ వస్తాననుకో."

హౌగెన్ నవ్వలేదు. నా వైపు తిరిగింది. "ఏం జరిగినా సరే, నీ గొంతు రాకూడదు. ఒక పిల్ల పోతే ఒకటే పోతుంది. తెల్ల ముసుగులోంచి మనిషి మాట వచ్చిందో, అన్నిటికీ మనిషే తల్లి అయిపోతాడు. ఆ ఎర్రపట్టీది ఇప్పటికే నిన్ను అతిగా చూస్తోంది."

"అది బొమ్మను చూస్తోందండీ."

"దేన్ని చూస్తోందో నీకు తెలుసు."

ఆ రోజు నుంచి బొమ్మలోకి చెయ్యి దూర్చినప్పుడల్లా ఆ జాలీ కంత గుర్తొచ్చేది. జాలీ అవతల ఒక చెయ్యి, ఇవతల నా చెయ్యి. రెండూ మారువేషంలోనే వాటి దగ్గరికి వస్తున్నాయనిపించేది. దాని మారువేషం చీకటి, నాది తెలుపు. ఇదంతా పిచ్చి ఊహ అని నాకు నేను చెప్పుకునేదాన్ని. చెప్పుకోవలసి రావడమే భయపెట్టేది.

మంచు దట్టంగా పట్టిన ఒక ఉదయం పిల్లల్ని బాడవకు తీసుకుపోతున్నాను. రోజూ చేసే పనే. నేను ముందు, అవి వెనక. షెడ్డు మలుపులో లైల్ ఎదురయ్యాడు. అంగీ వేసుకోలేదు కనుక పిల్లల కంటపడకుండా గోడ వెనకే ఆగిపోయి, నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు. దారి బాగుందంటున్నాడనుకున్నాను. తల ఊపి నడిచాను. అతను చెప్పింది రకూన్ బోనులో పడిందని. నోరు విప్పే వీలు మా ఇద్దరికీ లేదు.

అతను తప్పేమీ చేయలేదు. బోనులో పడ్డ జంతువు గోల చేయకుండా పైన గుడ్డ కప్పడం ఎవరైనా చేసేదే. ట్రక్కు తెచ్చేలోగా కప్పడానికి చేతికందిన గుడ్డ తీసుకుపోయాడు. మా షెడ్డులో చేతికందే గుడ్డలన్నీ ఒకే రకం. చిరిగిపోయిన పాత తెల్ల అంగీలు.

నీటి అంచుకు చేరాక వెనక్కి చూస్తే ఎర్రపట్టీది లేదు. పెట్టె మీట నొక్కాను. గురగుర మంచులోకి పోయింది. బదులుగా సన్నటి కూత వచ్చింది, దారి పక్క నుంచి. నాలుగడుగులు వెనక్కి వేశాను.

జమ్ములో తెల్లటిది ఒకటి వంగి కూర్చుని ఉంది.

మొదట మా వాళ్ళెవరో అనుకున్నాను. తరవాత, నేనే అనుకున్నాను. ఎలాగో చెప్పలేను. ఒక్క క్షణం నేను అక్కడ కూర్చుని ఉన్నట్టు, ఇక్కడ నిలబడ్డది ఖాళీ అంగీ అయినట్టు తోచింది. పిల్ల దాని ముందు నిలబడి, మేత అడిగినట్టు మెడ చాచి కూస్తోంది. గుడ్డ అంచు కదిలింది. నల్లటి వేళ్ళు బయటికి వచ్చాయి. తొందర లేదు వాటికి. గడ్డిని తడిమాయి. పిల్ల వాటిని చూసి ముక్కు కిందికి దించింది. తల్లి ఏదో చూపిస్తోందనుకుంది.

మళ్ళీ మీట నొక్కాను. పిల్ల తల తిప్పలేదు. పరుగెత్తితే అందేంత దగ్గర లేదు. కేక గొంతులోకి వచ్చి ఆగింది. ముసుగులోంచి కాదు. ముసుగులోంచి కాకూడదు. ఆ తరవాత నేను ఆలోచించానో లేదో నాకిప్పటికీ తెలియదు. ముసుగు, బొమ్మ, రెండూ లాగి పారేసి, నా మొహంతో, నా గొంతుతో అరిచాను.

"పో! పో అవతలికి!"

పిల్ల ఎగిరి పడింది. వేళ్ళు దాని రెక్కను అందుకున్నాయి. పట్టు జారింది. గుప్పెడు గోధుమరంగు ఈకలు గుడ్డ కిందికి పోయాయి. పిల్ల నన్ను చూసింది. ఈసారి అడ్డం ఏ గుడ్డా లేదు. చూసి, మంచులోకి పారిపోయింది. నీటి అంచున ఉన్నవి కూడా చెల్లాచెదురైపోయాయి.

హౌగెన్ తెల్ల అంగీలో వచ్చి మధ్యాహ్నానికి అన్నిటినీ పోగుచేసింది. ఎర్రపట్టీది మాత్రం ఆమె దగ్గరికి కూడా రాలేదు. దూరం నుంచి, మిగతావాటి వెనకే ఇంటికి చేరింది.

లైల్ ట్రక్కు ఎక్కించే ముందు గుడ్డ ఎత్తాడు. "చూస్తావా? మళ్ళీ కనపడదు." రకూన్ బోను మూలకు అతుక్కుపోయి వణుకుతోంది. అరచెయ్యి తీగల మీద ఆనించి ఉంది. దాని మీద గీతలున్నాయి. నేను చూపు తిప్పుకున్నాను. కాసేపటికి దూరంగా తుపాకీ మోగింది. నా భయం తగ్గలేదు.

మర్నాడు అంగీ వేసుకుని లోపలికి వెళ్తే మిగతావి వచ్చాయి. ఎర్రపట్టీది జాలీ చివరికి పోయి నిలబడింది.

"అది దేనికి భయపడుతోంది సిగ్నె?" షెడ్డుకు వచ్చాక అడిగింది హౌగెన్. "నీకా, తెలుపుకా? మనిషికి భయపడితే వదిలేస్తాను. ఆ తెల్లటి దాంట్లోంచి చెయ్యి రావడం చూసింది, తరవాత నీ మొహం చూసింది. దాన్ని కాపాడింది ఆ మొహమని దానికి తెలిసిపోయి ఉంటే..."

"ఉంటే?"

"ఉంటే ఏముంది, జాలీ వెనకే. రేపు ముసుగు లేకుండా వెళ్ళు. నేను తెర చాటు నుంచి చూస్తాను."

లైల్ రెండు పాత పళ్ళేలు తెచ్చి ఇచ్చాడు, మోగించడానికి. "నీ మొహానికి ఇన్నాళ్ళకు ఉద్యోగం దొరికింది అమ్మాయ్. జడిపించుకురా." నవ్వించాలని చూశాడు. నా మొహం చూసి ఆపేశాడు.

వెళ్ళాను. పిల్లలన్నీ బాడవలో మేస్తున్నాయి. మొహానికి గాలి తగులుతుంటే బట్టలు లేనట్టుంది. పళ్ళేలు మోగించి అరిచాను. నీళ్ళు చిమ్ముకుంటూ అన్నీ ఒక్కసారి పరుగెత్తాయి. ఎర్రపట్టీది పరుగెత్తలేదు. తల ఎత్తి నన్ను చూసింది. ఒక అడుగు వేసింది, నా వైపు. ఇంకో అడుగు.

అది వస్తుందేమోనని భయపడ్డాను. ఆ భయం కింద ఇంకొకటి ఉంది: రావాలని. ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వెనక తెర కదిలిన చప్పుడు విన్నాను. పళ్ళేలు పడేసి వంగి, తడి మట్టిగడ్డ అందుకున్నాను.

నేను విసిరిన మట్టిగడ్డ దాని ఛాతీకి తగిలింది. మెడ ముడుచుకుపోయింది, రెక్కలు విచ్చుకున్నాయి, తడబడుతూ నీటి మీదుగా అవతలి జమ్ములోకి పోయింది. ఆగలేదు, తిరిగి చూడలేదు.

"చాలు," అంది హౌగెన్ తెర వెనక నుంచి. "దీన్ని వదిలేస్తున్నాం."

పక్కగా విసిరినా సరిపోయేదేమో. నేను గురి చూసే విసిరాను.