నడిమధ్య కూర్చున్న రుక్కమ్మ

నేను ఒక ఉన్ని తివాచీని. మామూలు తివాచీని కాదు, తుర్క్‌మెన్ తివాచీని! ఎడారి అంచున, గుడారం ముందు నేలకు పరిచిన మగ్గం మీద గోజెల్ అనే కొత్తకోడలు నన్ను ముడి ముడిగా అల్లింది. ఉన్ని వాళ్ళ గొర్రెలదే. ఎరుపు మంజిష్ఠ వేళ్ళు మరిగించి తీసింది. ఆ ఎరుపు మీద వరుసలు వరుసలుగా ఎనిమిది పలకల నీలం పూలు. సగంలో నీలం ఉన్ని అయిపోయింది. మళ్ళీ అద్దితే రంగు కాస్త లేతగా వచ్చింది.

"విప్పెయ్యి, నలుగురూ నవ్వుతారు," అంది అత్తగారు.

"చూడండి, ఇక్కడ తెల్లవారుతున్నట్టు లేదూ?" అంది గోజెల్.

అత్తగారు చూసింది. చూస్తూనే ఉండిపోయింది. నేను బతికిపోయాను.

ఒంటె మీద ఊగి, రైలెక్కి, ఒక పెషావర్ వ్యాపారి వెంట హైదరాబాదు చేరి, వకీలు నర్సింగరావు గారి హాల్లో పరుచుకున్నాను. మనుషులు చిత్రమైనవాళ్ళు. గోడ మీది పటాన్ని తలెత్తి మెచ్చుకుంటూ నన్ను తొక్కుకుంటూ పోయేవారు! వకీలు గారి చెల్లెలు రుక్కమ్మ మాత్రం చిన్నప్పుడు నా మీద బోర్లా పడుకుని, నా పూలను వేలితో దిద్దుతూ బొమ్మలు నేర్చుకుంది. డ్రాయింగ్ టీచరైంది.

వకీలు గారు పోయాక కొడుకులు దామోదర్, విఠల్ ఇల్లు అమ్మేసి సామాను పంచుకున్నారు. నేను మాత్రం ఇద్దరికీ కావాలి. "చెరి సగం కోసుకుందాం," అన్నాడు దామోదర్. కత్తెర వచ్చింది. నా పోగులన్నీ నిక్కబొడుచుకున్నాయి!

సరిగ్గా అప్పుడే రుక్కమ్మ వచ్చి నా నడిమధ్య బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"లే అత్తమ్మా, పనున్నది," అన్నాడు దామోదర్.

"ఏం పనిరా, కోసుడా? యాడ కోస్తరో ముందు వేలు పెట్టి చూపెట్టుండ్రి."

ఇద్దరూ వంగారు. మోకాళ్ళ మీద కూర్చున్నారు. పుట్టినప్పటి నుంచీ నా మీద నడిచినవాళ్ళు, తొలిసారి నన్ను చూశారు. విఠల్ వేలు ఒక పువ్వు మీద ఆగింది, జరిగింది, మళ్ళీ ఆగింది.

"అన్నా, ఈడ చూడు! నీలం మారింది! ఎంత మంచిగున్నదే!"

"యాడ కోసినా పువ్వు తెగుతదిరా," అన్నాడు దామోదర్, గొంతు తగ్గించి. కత్తెర పక్కన పెట్టేశాడు. "అత్తమ్మా, నువ్వే తీస్కపో."

బర్కత్‌పురలో రుక్కమ్మ ఉండేది రెండు చిన్న గదుల్లో. నేను పట్టలేదు. అందుకే సగం నేల మీద పరుచుకుని, మిగతా సగం గోడెక్కాను! ఆదివారాలు అన్నదమ్ములు స్నేహితుల్ని వెంటేసుకుని వస్తారు, చెప్పులు గుమ్మం బయటే విడిచి నా ముందు నిలబడతారు. ఇన్నేళ్ళూ మీ మనుషుల పాదాలే ఎరిగినదాన్ని, ఇప్పుడు ముఖాలు చూస్తున్నాను. కళ్ళు విప్పార్చుకుని చూసేటప్పుడు మీరెంత అందంగా ఉంటారో!