గోడ లోపల మంట

మా వీధిలో ఓహాయో నది వైపు చూసే చెక్క ఇళ్లన్నీ ఒక్క కాలంలో కట్టినవే. వాటి గోడలు నేలమాళిగ నుంచి అటక దాకా లోపలంతా బోలు. కింద దూరిన ఎలుక పైన తేలుతుంది. ఆ సంగతి మా పక్కింటి బ్రాండ్ వాళ్ల ఐడెల్లాకి తెలియనిది కాదు. అయినా ఆ మధ్యాహ్నం తమ్ముడు రూఫస్ వసారా గోడ మీది పాత రంగును వేడిగాలి మిషన్‌తో కరిగించి గీకుతుంటే, ఆ వేడి చెక్కల సందుల్లోంచి గోడ లోపలికి దూరుతుందని ఆమెకు అనుమానం రాలేదు. పని ఆపి ఇద్దరూ తినడానికి వంటింట్లో కూర్చున్నారు.

"ఏదో మాడుతోందక్కా."

"పొయ్యే వెలిగించలేదు, ఏం మాడుతుందిరా?"

ఐడెల్లా హాల్లోకి వెళ్లి గోడ మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది. గోడ పెనంలా కాలుతోంది. గోడకి అతికించిన పూలకాగితం మీది గులాబీలు ఆమె చూస్తుండగానే నల్లబడ్డాయి. మంట మాత్రం ఎక్కడా లేదు. గోడలో ఏదో చిటపటమంటూ పైకి పాకిపోతోంది.

మేడ మీద మేనత్త విన్నీ నిద్రపోతోంది.

రూఫస్ ఫైరింజన్‌కి ఫోన్ చేస్తుంటే ఐడెల్లా మెట్లెక్కి పరుగెత్తింది.

"ఏమిటే ఆ కేకలు? నేనింకా చావలేదు."

"ఇల్లంటుకుందత్తా, లే!"

"మంటేదీ?"

"గోడలో ఉంది!"

అత్త చెయ్యి పట్టుకుని గది దాటేసరికి ముందు మెట్లు పొగలో మునిగిపోయాయి. ఇక మిగిలింది పాతరోజుల్లో పనివాళ్ల కోసం కట్టిన వెనక మెట్లు. గదిలోకి వెనక్కి వచ్చారు గానీ, ఆ మెట్ల తలుపుకి అడ్డంగా అత్త బట్టల బీరువా ఉంది. ఇద్దరూ కలిసి లాగినా కదల్లేదు.

"రూఫస్! వెనకనుంచి రారా!"

పొగ మోకాళ్ల దాకా దిగింది. ఇద్దరూ నేల మీద కూలబడి దగ్గుతున్నారు. అత్త గొణిగింది: "నన్నొదిలి కిటికీలోంచి దూకవే."

"నోర్ముయ్ అత్తా!"

అప్పుడు తలుపు అవతల ధన్‌మని చప్పుడైంది. రూఫస్ భుజంతో గుద్దుతున్నాడు. మళ్లీ గుద్దాడు. బీరువా ఒరిగి దబ్బున పడింది. ఆ సందులోంచి ముందు అత్తని, తర్వాత అక్కని లాగేశాడు.

ఫైరింజన్ వాళ్లు గొడ్డళ్లతో గోడలు చీల్చి, లోపలి మంటార్పి, ఇంటి వెనక సగాన్ని నిలబెట్టారు. మిగతా సగాన్ని రూఫస్ ఏడాదంతా కష్టపడి మళ్లీ కట్టాడు. విన్నీ అత్త తన గదికి తిరిగొచ్చేసింది. ఐడెల్లా మాత్రం గుమ్మం దాటలేకపోయింది. కొన్నాళ్లు మా ఇంట్లోనే పడుకుంది. రోజూ పొద్దున్నే వసారా దాకా వెళ్లి, కాఫీ కప్పు అత్త చేతికిచ్చి, లోపలికి చూడకుండా వెనక్కి వచ్చేసేది.