పన్నెండు పేర్ల కాగితం

మా అన్న సోములు బడి గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని వచ్చినట్టే వెనక్కి పంపేస్తున్నాడు. రక్తపరీక్షల బండి మా ఊరొచ్చి మూడు రోజులైంది. ఈరోజే ఆఖరు, ఒంటిగంటకు వెళ్ళిపోతుంది. పదకొండు దాటినా నా రిజిస్టరులో తొమ్మిది పేర్లే ఉన్నాయి. ఈ ఊరి ఆశా కార్యకర్తని నేను. మూడువందల గడపలెక్కి బతిమాలింది ఇందుకా అని ఒళ్ళు మండిపోయింది.

"సుక్క కూడా ఇయ్యకండొరే!" అని అరుస్తున్నాడు, చేతిలో ఫోను ఆడిస్తూ. "మన రగతం తీసికెళ్ళి ఏటి సేస్తన్నారో తెలుసా? లిస్టు కడతన్నారు. ఊరూరంతా రోగిష్టోళ్ళని రాసీసి, మనల్ని కాళీ సేయించి, జీడితోటలు కంపెనీకి ఇచ్చీస్తారు."

"ఎవుడు సెప్పినాడన్నా నీకు?" అన్నాను.

"గ్రూపులో వచ్చినాది."

"గ్రూపులో నిన్న ఏటొచ్చినాది? కాకరకాయ రసంతో కిడ్నీ కొత్తదైపోద్దని రాలేదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ ఒక్కరూ లోపలికి రాలేదు. మాది ఉద్దానం. మా దగ్గర మనుషులకి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదమిత్థంగా ఎవరూ తేల్చలేదు. నీళ్ళంటారు, మట్టంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు. జవాబు లేనిచోట ఎవడి జవాబు వాడిదే. మా అన్న దగ్గర ఏడెనిమిది ఉన్నాయి. యుద్ధం రోజుల్లో తెల్లోళ్ళు సముద్రం పక్క బీడులో ఏవో డబ్బాలు పాతేశారన్నది ఒకటి. కూతురి పాత డ్రాయింగ్ పుస్తకంలో ఊరి బావులన్నీ గీసి, చావు జరిగిన ఇంటికి ఏ బావి దగ్గరో చూసి, ఆ బావి పక్కన ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టాడు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

ఒక్క మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

"రెండేళ్ళ కిందట కూడా తీసికెళ్ళినారు గదా, ఆ కాయితాలేవీ?" అంటాడు. "రాలేదంటారు. ఎందుకు రావు? ఎవులో దాసీసినారు. బయటోడు కాదు, మనోడే."

ఆ మాట వినబడితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయిపోతుంది నా పని. కొంగు సర్దుకుంటాను, రిజిస్టరు తిరగేస్తాను, లేని పని కల్పించుకుని పక్కవీధికి పోతాను. ఎందుకంటే ఆ కాగితాలు వచ్చాయి. నాకే వచ్చాయి. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, నా పెళ్ళిచీర కింద ఉన్నాయి.

కవరు వచ్చిన రోజు మాజీ సర్పంచి త్రినాథ్ మావ దగ్గరికి తీసుకుపోయాను. కిడ్నీ దెబ్బతిందని పన్నెండు పేర్ల ఎదురుగా టిక్కులున్నాయి. మావ కళ్ళజోడు పెట్టుకుని చదివి, తలుపు గడియ వేశాడు. "ఒసే రాణీ, ఇది బయటపడితే మన ఊరికి పిల్లనిచ్చేవోడుండడు, మన పిల్లని సేసుకునేవోడుండడు. లోపలెట్టీ," అన్నాడు. అది నిజం. మా వైపు సంబంధం మాట్లాడేటప్పుడు జాతకం కంటే ముందు రక్తంలో క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. ఒకటిన్నర దాటిందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే. ఏడో పేరు మా అన్నది, ఒకటి పాయింటు ఏడు. అప్పటికి వారం కిందటే మా అన్న కూతురు శైలజని గజపతినగరం వాళ్ళు చూసి, నచ్చిందని కబురు పెట్టారు. పిల్ల ముఖంలో ఆ వెలుగు నాకింకా కనబడుతూనే ఉంది. లోపల పెట్టేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. అలాంటిదాన్ని రెండేళ్ళు నానబెట్టాను. ఊరుకున్నానా అంటే ఊరుకోలేదు. అన్న నడుంనొప్పికని రోజూ మింగే బిళ్ళలు కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి, అవి కనబడితే చాలు లాక్కుని పారేసేదాన్ని. నీళ్ళు తాగు, ఓసారి టవునుకెళ్ళి చూపించుకో అని సతాయించేదాన్ని. "దీనికి మతి పోనాది," అని నవ్వేసి, కొట్టుకు పోయి మళ్ళీ కొనుక్కునేవాడు. ఎందుకు వద్దంటున్నానో చెబితేగా మానేది! పోయిన చలికాలం తవిటమ్మ మొగుడు పోయాడు. ఆయనది మూడో పేరు. పెద్దకర్మ భోజనంలో కడుపునొప్పని లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి ఇంట్లో కుదురుగా కూర్చోలేను. ట్రంకుపెట్టె ఉన్న గదిలో పడుకోను కూడా.

పదకొండున్నరకి దేవి వదిన ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ అన్న పొద్దున్న మళ్ళీ కక్కీసినాడు. నీకు సెప్పొద్దన్నాడు గానీ, ఆ కాళ్ళు సూడమ్మా. సెప్పులు పట్టట్లేదు."

గేటు వైపు చూశాను. నిజమే, ఒట్టికాళ్ళతో నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా పోట్లాడుతున్నాను, ముఖమే చూశాను గానీ కిందికి చూడలేదు. గబగబా వెళ్ళి అందరిముందూ వంగి, మడమ పైన బొటనవేలితో నొక్కాను. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది, కాళ్ళకి నీరు పట్టేసింది.

"ఏటే ఇది, కాళ్ళు పడతన్నావేటి?" అని నవ్వాడు మా అన్న.

నాకు ఏడుపొచ్చింది. ఇంటికి పరుగెత్తాను. దారిలో త్రినాథ్ మావ అరుగు మీద నుంచి "ఎక్కడికే?" అన్నాడు. "పెట్టె తియ్యడానికి," అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "ఊరు నిన్ను బతకనీదే," అంటూ లేచాడు. వినిపించుకోలేదు.

కాగితం రవికలో పెట్టుకుని వచ్చేసరికి పన్నెండుంపావు. అన్నని చెయ్యి పట్టుకుని బడి వెనక బోరింగు దగ్గరికి లాక్కుపోయాను.

"నువ్వన్నది నిజమే అన్నా. కాయితాలు దాసీసినారు. దాసింది నానే."

వాడు ఏడో తరగతి దాకా చదివాడు. కాగితం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో పేరూ పైకే చదివాడు. మూడో పేరు దగ్గర ఆగి నా ముఖంలోకి చూశాడు. ఏడో పేరు పైకి చదవలేదు.

"ఎప్పుటిదే ఇది?"

"శైలజ లగ్గానికి ముందు."

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకు సెప్పుంటే నానే దాసీమందును గదే," అన్నాడు. "నా కూతురు పెళ్ళి నాకు తెల్దా? ఊరికి దాసినావు, సరే. నాకెందుకు దాసినావే?"

భయమేసింది, అంతే. చెప్పకపోతే రోగం లేనట్టే ఉంటుందనుకున్నాను. ఆ మాటే చెప్పి, బోరింగు పట్టుకుని ఏడ్చాను. వాడు నన్ను ఓదార్చలేదు. కాగితం మడిచి తన జేబులో పెట్టుకుని, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ బండి దగ్గరికి నడిచాడు. "ఏటి సోములూ, నువ్వే వద్దన్నావు గదా?" అని ఎవరో అడిగారు. "నానిస్తన్నాను. మీ ఇష్టం మీది," అన్నాడు. బండి ఒంటిగంటకి వెళ్ళలేదు, మూడైంది.

అందరి కాగితాలూ నెలకి వస్తాయన్నారు. అన్నది మాత్రం మర్నాడే ఫోన్లో చెప్పారు. అయిదు పాయింటు ఒకటి.

ఆ మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళాం. బస్సులో అన్న నా పక్కన కాక ముందు సీట్లో కూర్చున్నాడు. నా టిక్కెట్టు మాత్రం తనే తీశాడు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మాట కచ్చితం. రిపోర్టు చూసి కోప్పడింది.

"ఇంత దాకా ఏం చేస్తున్నారు? ఇంతకుముందు ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదా? మీ ఊళ్ళో ఆశా కార్యకర్త లేదా?"

"మా సెల్లే గదమ్మా ఆశా," అన్నాడు అన్న, నన్ను చూపించి. "అది సెప్తానే ఉన్నాది, నానే యినలేదు. పరీక్షంటే ఇదే ముందు. ఇంతకుముందు ఏటీ లేదు."

రెప్ప వాల్చకుండా చెప్పాడు. ఎవులో దాసీసినారని రెండేళ్ళు వీధి వీధీ తిరిగి అరిచిన మనిషి, నా కోసం తనే దాచేస్తున్నాడు.

"అబద్ధం మేడమ్," అన్నాను. "రెండేళ్ళ కిందటే ఒకటి పాయింటు ఏడు ఉంది. కాగితం నాకే వచ్చింది. నేనే చెప్పలేదు."

"ఒసే, నోర్ముయ్యి! ఉజ్జోగం పోతాది."

"పోతే పోనీ అన్నా!"

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఆ కాగితంలో ఇంకెంతమంది ఉన్నారు?" అని అడిగింది.

"పన్నెండు మంది మేడమ్. ఒకాయన పోయాడు. మిగతా పదిమందికీ ఇంకా తెలియదు."

"ఇంకానా?" అంది. ఆ మాటకి తల ఎత్తలేకపోయాను.

బయట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను అన్నని. వాడు జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పరిచాడు. నేను ఫోను తీశాను. రెండుసార్లు తప్పు నొక్కాను.

"మెల్లగా నొక్కు," అన్నాడు అన్న, మొదటి పేరు మీద వేలుపెట్టి. "నాను సదువుతాను, నువ్వు సెప్పు."